ఏకాంతరావుగారు

మీ వీధిలో ఆయన్ని ఏమని పిలుస్తారో నాకు తెలీదు. మా వీధిలో మాత్రం అసలు పేరు మరుగున పడి ఏకాంతరావుగారని స్థిరపడిపోయింది. అరవై దాటి నాలుగైదేళ్లయింది. పెన్షను నెల తిరిగేసరికి పడుతోంది, పిల్లలు దూరాభారాన ఉన్నారు, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. ఇన్నీ అనుకూలించాక మనిషికి ఆత్మ గుర్తుకొస్తుంది. ఆయనకీ వచ్చింది.

“ఇక నాకు మనుషులొద్దండీ. ఆత్మకి తోడెందుకు? ఒంటరిగా వచ్చాం, ఒంటరిగా పోతాం” అంటారు. ఒక్కసారి అని ఊరుకుంటే బాగుండేది. పార్కులో నడుస్తున్నవాణ్ణి ఆపి, బెంచీ మీద కూర్చోబెట్టి మరీ చెబుతారు. పెళ్లిభోజనంలో గుత్తివంకాయ కూర మారు వచ్చేలోగా అటు పక్కాయనకీ ఇటు పక్కాయనకీ చెబుతారు. కూరగాయల బండి కుర్రాడికీ చెప్పారు. వాడు అంతా విని, “అయితే ఇకమీదట బెండకాయలు పావుకిలో చాలాండీ?” అన్నాడు. వీధి మొత్తంలో ఆయన వైరాగ్యాన్ని నమ్మినవాడు వాడొక్కడే.

సాధన మేడమీద గదిలో మొదలైంది. ఒకప్పుడు కొడుకు ఎంసెట్‌కి చదివిన గది. ఒక చాప, రమణ మహర్షి పటం, అగరొత్తులు, టేబుల్ ఫాను. తలుపుకి ‘ధ్యాన సమయం. దయచేసి పిలవవద్దు’ అని లామినేషన్ చేయించిన కాగితం. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యరు, గాలాడదట. బెత్తెడు సందు వదులుతారు. ఆ సందులోంచి గాలి ఏమాత్రం వెళ్తుందో గానీ కింది కబుర్లన్నీ పొల్లుపోకుండా వెళ్తాయి. గేటు చప్పుడైతే చాలు, పైనుంచి కేక:

“ఎవరే?”

“గ్యాసబ్బాయండీ.”

“నన్నేమైనా అడిగాడా?”

“డబ్బులడిగాడు.”

గురువారాలు మౌనవ్రతం. ఆ రోజు చేతిలో పలక ఉంటుంది. మామూలు రోజుల్లో కాఫీ కావాలంటే “కాఫీ” అని ఊరుకునే మనిషి, మౌనం రోజున ‘డికాక్షన్ నిన్నటిలా పల్చగా వద్దు, పంచదార అరచెంచా తగ్గించు’ అని రాసి, అది చెరిపి, ‘నిజానికి ఆత్మకి రుచులతో పనిలేదనుకో’ అని మళ్లీ రాస్తారు. వాళ్లావిడ పిండి చెయ్యి కడుక్కుని, కళ్లజోడు వెతుక్కుని చదవాలి. 

“తిరుమలలో స్వామివారి ఏకాంతసేవకి లాలి పాడ్డానికి తాళ్లపాక వారున్నారు, హారతికి తరిగొండ వెంగమాంబ పేరుంది. ఈయన ఏకాంతానికి లాలీ నేనే, హారతీ నేనే” అని ఓసారి పిట్టగోడ అవతల నుంచి మా ఇంట్లోవాళ్లతో అన్నారు. ఫిర్యాదు చేసినట్టు లేదు, బియ్యం అయిపోయాయన్నంత మామూలుగా అన్నారు.

బంధువుల వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకోవడం తరవాతి మెట్టు. తప్పుకుని, ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రమైనా ఎవరూ “ఏమైంది బాబాయ్” అనలేదు. ఆరా తీస్తే తెలిసిందేమంటే, ఇప్పుడు ఎవరైనా గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే అందుతుందట, అందరికీ చాటింపు వెయ్యరట. అడ్మిన్ అయిన మేనల్లుడు ఆ రోజు ప్రయాణంలో ఉన్నాడు. ఏకాంతరావుగారు వాడికి ఫోన్ చేసి మళ్లీ చేర్పించుకున్నారు. ‘సకల బంధాల నుంచీ విరమిస్తున్నాను’ అని పెద్ద సందేశం పెట్టి, అందరూ చదివినట్టు నీలం గీతలు పడేదాకా ఆగి, అప్పుడు తప్పుకున్నారు. మర్నాడు మేనల్లుణ్ణి, “నేను వెళ్లాక ఏమనుకుంటున్నార్రా?” అని అడిగారు.

ఇది సన్యాసమని ఆయన అనుకుంటున్నారు గానీ, నా లెక్కన ఇది అలకపాన్పు. అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకు గోడవైపు తిరిగే పడుకుంటాడు. బతిమాలే మామగారు గుమ్మంలో ఉన్నారన్న ధైర్యమే వాణ్ణి అలా తిప్పుతుంది. మామగారు ‘సరే బాబూ, విశ్రాంతి తీసుకో’ అని దీపమార్పి వెళ్లిపోతే ఆ పెళ్లికొడుకు గతేమిటి?

ఏకాంతరావుగారి గతి సరిగ్గా అదే. ముప్ఫై ఏళ్లు ఆఫీసులో ఆయనకో గది ఉండేది. దాని తలుపు మూసే ఉండేది. మూసిన తలుపు బయట ఒక బంట్రోతు, వాడి ముందు ఫైళ్లు పట్టుకున్న గుమాస్తాలు, వాళ్ల వెనక అర్జీలు పట్టుకున్న జనం. అయ్యగారు లోపల ఒంటరిగానే ఉండేవారు, కానీ ఆ ఒంటరితనానికి బయట క్యూ ఉండేది. రిటైరైన రోజున శాలువా, దండ, వెండి గణపతి ఇచ్చి పంపారు. క్యూని మాత్రం ఇంటికి పంపలేదు. పాపం, మేడమీద తలుపు దగ్గరికి వేసి ఆయన వెతుకుతున్నది ఆత్మనో ఆ క్యూనో ఆయనకే తెలీదు.

చివరికి, ఇంట్లో కుదరదు, అరుణాచలం వెళ్తానన్నారు. ఏకాంతానికి ఎంచుకున్న రోజు పౌర్ణమి! మన రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ ప్రత్యేక బస్సులు వేసి తీసుకెళ్లే రోజు, లక్షలమంది కొండ చుట్టూ తిరిగే రోజు. వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ తలుపుకి ఒక ఉత్తరం అంటించారు. బస్సు నంబరు, బస చేసే చోటు ఫోను, బీపీ మాత్రల పేర్లు, ‘నా గురించి ఎవరూ ఆందోళన పడవద్దు’ అన్న వాక్యం కింద రెండు గీతలు, సంతకం, తేదీ. అడుగున: ప్రతులు, అబ్బాయికి, అమ్మాయికి, వియ్యంకుడుగారికి.

ఆయన పటం కట్టించుకున్న రమణులూ ఇల్లు వదిలేటప్పుడు చీటీ రాశారు. 1896 ఆగస్టు, మదురై, పదహారేళ్ల కుర్రాడు. అన్నగారి కాలేజీ ఫీజుకిచ్చిన అయిదు రూపాయల్లో మూడు తీసుకుని, మిగిలిన రెండూ చీటీతో పాటు పెట్టాడు. దీని కోసం ఎవరూ విచారించక్కర్లేదు, వెతకడానికి డబ్బు తగలెయ్యక్కర్లేదు అని భావం. ‘నేను’ అని మొదలైన చీటీ మధ్యలో ‘ఇది’గా మారింది. సంతకం చోట ఉత్త గీత. సెప్టెంబరు 1న అరుణాచలం కొండ ఉన్న తిరువణ్ణామలై చేరాక 1950 ఏప్రిల్‌లో పోయేదాకా మళ్లీ ఆ ఊరు దాటలేదు. 

తమాషా ఏమిటంటే, ఎవరూ వెతకొద్దన్న మనిషిని అందరూ వెతుక్కుంటూ వచ్చారు. తల్లి అళగమ్మాళ్ వచ్చి దగ్గరే ఉండిపోయింది, తమ్ముడూ వచ్చాడు. 1922లో తల్లి పోతే ఆవిడ సమాధి చుట్టూనే ఆశ్రమం పెరిగింది. ఆయన ఎవరినీ రమ్మనలేదు, వచ్చినవాళ్లని పొమ్మనలేదు. తెల్లవారకముందే వంటింట్లో కూరలు తరిగేవారు, ఆవు లక్ష్మిని నిమిరేవారు, హాల్లో నలుగురి మధ్యే పడుకునేవారు. ఏకాంతం అడవిలో దొరికే వస్తువు కాదు, మనసుకి సంబంధించిందని అడిగినవాళ్లకి చెప్పేవారు.

మన ఏకాంతరావుగారు పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ఉత్తకాళ్లతో ఒంటరిగానే మొదలెట్టారు. దారిలో అగ్నిలింగం దగ్గర తణుకు వాళ్లు కలిశారు. యమలింగం చేరేసరికి వాళ్ల మేనమామదీ తనదీ ఒకే శాఖని తేలింది. వాయులింగం దాటేలోగా మోకాళ్లనొప్పులకి తైలం చెప్పారు, కుబేరలింగం దగ్గర వాళ్లమ్మాయికి సంబంధం చెప్పారు. మర్నాడు కొండమీది విరూపాక్ష గుహలో చీకట్లో కళ్లు మూసుకుని కూర్చున్నారు. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూశారు. పక్కన ఎవరో విదేశీయురాలు, కదల్లేదు. మూసి, మళ్లీ తెరిచారు. ఉలుకూ పలుకూ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన పక్కన కూర్చుని ఆయన్ని అంతసేపు పట్టించుకోని మనిషి లేదు. లేచి బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశారు.

“నాకోసం ఎవరైనా వచ్చారా?”

“లేదండీ.”

“నువ్వొక్కదానివీ బిక్కుబిక్కుమంటూ ఉన్నావేమో, వచ్చేస్తాను.”

“అబ్బే, తొందరేముందీ? ఇంకో నాలుగు రోజులుండి రండి.”

ఆ రాత్రి బస్సుకే వచ్చేశారు.

ఆయన లేని రోజుల్లో ఆవిడ ఏం చేశారని మా ఇంట్లోవాళ్లు అడిగారు. “ఏమీ చెయ్యలేదు. పొద్దున్న ఒక అత్తెసరు పడేసుకుని, ఆవకాయ కలుపుకు తిన్నాను. ఉప్పు సరిపోయిందా అని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం గుమ్మంలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావనీ ఎవరూ అడగలేదు” అన్నారు. పటం లేదు, పలక లేదు, లామినేషన్ కాగితం లేదు. ఇంట్లో ఒకరు ప్రకటించి వెతుక్కుంటున్నది ఇంకొకరికి చెప్పాపెట్టకుండా దొరికింది. అలాగని ఆవిడ మనుషులంటే విసిగినావిడా కాదు. సాయంత్రమయ్యేసరికి వీధిలో సగంమంది ఆ గుమ్మంలోనే ఉంటారు.

కనుక ఏకాంతరావుగారు తారసపడి “నాకు మనుషులొద్దండీ” అంటే, నిజమే కాబోలని తప్పుకుపోకండి. పాపం, అది దిగులు మాట. “ఎప్పటినుంచండీ?” అని పక్కన కూర్చోండి. అరగంటలో కాఫీ వస్తుంది, రెండో అరగంటలో ఆత్మని మరిచిపోయి మీ పిల్లల చదువులు అడుగుతారు.

ఈమధ్య ఆయన మొహంలో కళ వచ్చింది. కాలనీవాళ్లని పోగేసి వచ్చే పౌర్ణమికి అరుణాచలం బస్సు మాట్లాడారు. జాబితా ఆయనే రాస్తున్నారు, సీట్లు ఆయనే కేటాయిస్తున్నారు, కిటికీ సీటు కోసం గుమ్మం ముందు నలుగురు నిలబడే ఉంటున్నారు. మేడమీద గదిలో పులిహోరకి చింతపండు బుట్టలు పెట్టారు. మొన్న జాబితా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి భార్యని పిలిచారు.

“ఇంకొక్క సీటుందే. నువ్వూ రారాదూ?”

“బాగుందండీ, నేనూ వచ్చేస్తే ఇక్కడ ఏకాంతాన్ని ఎవరు చూసుకుంటారు?” అన్నారావిడ.