మూల సిస్టమ్

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గరి సందులో, రెండో అంతస్తు కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో మూలనున్న డెస్క్‌టాప్‌ని నేను. ర్యామ్ పెంచి పెంచి 4 జీబీ దగ్గర చేతులెత్తేశారు. నా హార్డ్‌డిస్క్ తవ్వితే ఏ కోర్సుకి ఎప్పుడు గిరాకీ ఉండేదో పొరలుపొరలుగా బయటపడుతుంది. అడుగున జావా, స్ట్రట్స్. ఆ పైన డాట్‌నెట్. దానిమీద అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ కలిపి అప్పట్లో ఇచ్చిన ఎక్స్‌యాంప్.

నాకు నచ్చిన కాలం అదే. రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పేజీ కోసం రాసుకుని 1995లో అందరికీ ఇచ్చిన సరంజామా ఆ పీహెచ్‌పీ. హెచ్‌టీడాక్స్‌లో ఫైలు పడేసి రిఫ్రెష్ కొడితే పేజీ వచ్చేసేది. గొడవల్లా స్కైప్‌తోనే. ముందుగా అది 80వ పోర్టు పట్టుకుంటే అపాచీ మొరాయించేది. సార్ వచ్చి స్కైప్ మూసి స్టార్ట్ నొక్కేవారు, పచ్చరంగు వెలిగేది.

2013లో మాంగో, ఎక్స్‌ప్రెస్, యాంగ్యులర్, నోడ్ నాలుగింటినీ కలిపి ‘మీన్’ అన్నారు. కింద బ్యానర్ మారింది. 2016లో యాంగ్యులర్ రెండో వెర్షన్ పాతదానితో పొసగకుండా వచ్చేసరికి, సగం కోర్సులో ఉన్న బ్యాచ్ గొల్లుమంది. తర్వాత యాంగ్యులర్ చోట రియాక్ట్ చేరి ‘మెర్న్’ అయింది. బ్యానర్లు వేసేవాడికి పండగే. నాకే నరకం. తెరమీద ఓ ‘హలో’ కోసం ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో వేల ఫైళ్లు దిగుతాయి. డిలీట్ కొట్టి చాయ్ తాగొచ్చినా నేనింకా చెరుపుతూనే ఉంటాను.

మొన్న కదిరి నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది.

“సార్, మా చిన్నాయన విత్తనాల అంగడికి బిల్లులు, స్టాకు చూసుకునే సైటు కావాల. మెర్న్‌లో చేయనా?”

“ఇంటర్వ్యూలో చూపించడానికా, మీ చిన్నాయన వాడుకోవడానికా?”

“రెండిటికీ సార్.”

“అయితే రెండుసార్లు చెయ్యమ్మా. ఇంటర్వ్యూకి మెర్న్‌లో, అంగడికి పీహెచ్‌పీలో. బిల్లు పడి స్టాకు తగ్గకపోతే మీ చిన్నాయన నిన్నే తిడతాడు. మైఎస్‌క్యూఎల్‌లో ట్రాన్సాక్షన్ పెడితే రెండూ పడతాయి, లేదా రెండూ పడవు. మాంగోలోనూ అవుతుంది గానీ, లెక్కలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నప్పుడు టేబుళ్లే సుఖం. పైగా రేపు నీకు ఉద్యోగమొచ్చి బెంగళూరు పోతే, సైటు చెడినప్పుడు చూసేవాడు కదిరిలో దొరకాలి కదా?”

“పీహెచ్‌పీ పాతది అంటుండారు సార్.”

“తెలుగు వికీపీడియా నడిచేది దానిమీదే.”

అంగడి సైటు నామీదే మొదలుపెట్టింది. ఇంటర్వ్యూ ప్రాజెక్టుకి మాత్రం పక్క సిస్టమ్‌కి మారింది. దానికి 16 జీబీ మరి.