పుంజు పద్యం: టీకా తాత్పర్యాలు

తే.గీ.
ఱెక్క దించి యొరగి మీదికెక్కునట్టి
పుంజుఁ గని పాఱబోకుము, పోరవలదు;
నిలిచి, యది తగ్గుదనుకను, నెమ్మదిగను
చంకనిడికొని తిరుగుట చాలు మందు.

అవతారిక: నాలుగు పెట్టలకు తోడుగా పెరట్లో వదిలిన పుంజుపిల్ల, అయిదారు నెలలకు ఈడొచ్చి, మేత వేసే యజమానినే పెరట్లో అడుగు పెట్టనివ్వకపోగా, ఆయన చీపురు తిరగేసిన సందర్భంలోనిది.

ప్రతిపదార్థం: (ఓ గృహస్థా! అని అధ్యాహారం.) ఱెక్క దించి = ఒక రెక్కను నేల రాసుకునేలా వాల్చి; ఒరగి = మెడ ఈకలు నిక్కించి, పక్కవాటుగా అడుగులేస్తూ; మీదికి ఎక్కునట్టి = కాలిముల్లుతో పిక్కల పైకి ఎగబడే; పుంజున్ కని = పుంజును చూసి; పాఱబోకుము = పరుగు లంకించుకోకు; పోరవలదు = తన్నులకు దిగకు; నిలిచి = కదలక నిలబడి; అది తగ్గుదనుకను = అది తల తిప్పుకొని నేల గీరేదాకా ఆగి; నెమ్మదిగను = చప్పుడు లేకుండా; చంకను ఇడికొని తిరుగుట = చంకలో పెట్టుకొని పెరడు చుట్టి రావడం; చాలు మందు = తగిన వైద్యం.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: రెక్క దించే ఈ నాట్యాన్నే పుంజు పెట్టల ముందూ ఆడుతుంది. ఇందులో రసం శృంగారమా, వీరమా అని ఆలంకారికులు తగవులాడుకోవచ్చు. ఎదురుగా పెట్ట లేదంటే మాత్రం పిక్కలు కాచుకోవాలి. పరుగెత్తావా, గెలిచానని దాని లెక్క. రేపు గుమ్మం దగ్గరే కాపు వేస్తుంది. తన్నావా, నువ్వూ ఒక పుంజువే. పెట్టల్ని కాచే బాధ్యత గలది, నిన్ను ఊరికే వదలదు.

పద్యానికి ప్రాణం ‘చంక’లో ఉంది. సంత నుంచి తెచ్చినట్టు కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం కవికి సమ్మతం కాదు. పొద్దుగూకాక కోడికి చూపు ఆనదు. అప్పుడు గంప ఎత్తి, రెండు రెక్కలూ ఒంటికి అదిమి, ఒక చెయ్యి రొమ్ము కిందుగా పోనిచ్చి కాళ్ళు పట్టుకోవాలి. రొమ్మును నొక్కరాదు. రొమ్ము ఎముక ఆడితేనే కోడికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా వాటేసుకుంటే ప్రేమతోనే ప్రాణం తీసినవాళ్ళమవుతాం.

ఈ విద్య పందెగాళ్ళకు తెలియనిది కాదు. భీమవరం పక్క అసీలు పుంజుల్ని బాదంపప్పు మేపి, చంకన పెట్టుకొనే తిప్పుతారు. సాటి పుంజును చీల్చేది మనిషి చేతిలో ఒదిగిపోతుంది. తీరా బరిలో దించేముందు దాని కాలికి కత్తి కడతారు! పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుళ్ళు పుంజుల్ని ఒడ్డిన నాటి నుంచీ ఆ శాస్త్రానికి ఉత్తరార్ధం ఈ పోరే. మన కవి పూర్వార్ధం మాత్రం పుచ్చుకున్నాడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా ఆయన పక్షమే.

చిన్నపిల్లలున్న ఇంట ఈ పద్యాన్ని నమ్ముకొని ఊరుకోరాదు. ఎగిరిన పుంజు కాలిముల్లు వాళ్ళ కంటి ఎత్తుకు అందుతుంది. ఎంతకీ మారని పుంజుకు వేరే దడి కట్టాల్సిందే.

పాఠాంతరం: ‘చాలు మందు’ అన్నచోట ‘చారు మందు’ అని అల్లుడొచ్చిన ఇళ్ళలో వినిపిస్తుంది. యతి చెడలేదు కానీ, పుంజు చంకలో ఉండగా పొయ్యి దగ్గర చారు ఎవరు కాస్తారు? అన్వయం కుదరదు గనుక త్యాజ్యం.