ఫ్రీజరు తలుపు మీది చీటీకి టీకా తాత్పర్యం

మూలం: ఈకోఆర్‌వన్ ఆఖర్న వెయ్యి. 37లో గంట పెట్టు. ట్యూబు బయట వదలకు.

అవతారిక: డీఎన్ఏ కోయబోవు కొత్త విద్యార్థికి సీనియరొకడు మార్కరు పెన్నుతో బోధించుచున్నాడు.

ప్రతిపదార్థం: ఈకోఆర్‌వన్ = ఈ. కోలై బాక్టీరియా ఆర్‌వై13 రకమునందు దొరికిన కోత ఎంజైము; ఆఖర్న = నీళ్ళు, బఫరు, డీఎన్ఏ పడిన పిమ్మట; వెయ్యి = వేయుము (సంఖ్యావాచకముగా గ్రహింపరాదు, ఒక్క మైక్రోలీటరు చాలును); 37లో = 37 డిగ్రీల సెల్సియస్‌లో, అనగా ఈ. కోలై సుఖముగా కాపురముండు మన పేగుల వేడిలో; బయట = ఐసు వదలి, బల్ల మీద.

తాత్పర్యం: ఈ ఎంజైము డీఎన్ఏ పొడవునా జీఏఏటీటీసీ అను ఆరక్షరములను వెదకి, దొరికినచోట పదచ్ఛేదము చేయును. జీ తరువాత విరుచును. రెండు పోగులందును ఇట్లే విరుచుటచే కోత సూటిగా పడదు. ముక్కముక్కకు ఏఏటీటీ అను తోక మిగులును.

విశేషం: ఈ ఆరక్షరముల మాటను 'వికటకవి' వంటిదని కొందరందురు. చదివి చూడక అన్నమాట. వెనుకనుండి చదివినచో సీటీటీఏఏజీ వచ్చును గదా! ఏకు ఎదురు టీ, జీకి ఎదురు సీ గనుక, ఎదుటి పోగును అటునుండి చదివినప్పుడే మరల జీఏఏటీటీసీ అగును. ఇచట వికటకవి ఒక్కడు కాదు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు.

శంక: బాక్టీరియా తన డీఎన్ఏను తానే కోసికొనదా? కోసికొనదు. తన ఆరక్షరములలో ఒక ఏకు మిథైల్ బొట్టు పెట్టుకొనును. బొట్టు లేక చొరబడిన వైరసు డీఎన్ఏకే వేటు. ఈ కత్తుల కథకు ఆర్బర్, స్మిత్, నేథన్స్ 1978లో నోబెల్ అందుకొనిరి.

తోకలు రెండు కలిసినచో లైగేజు అను అతుకు ఎంజైము సంధి చేయును. 1973లో కోహెన్, బోయర్ బృందము ఇట్లే ప్లాస్మిడ్ అను డీఎన్ఏ వలయములో పరాయి ముక్కను చేర్చెను. వ్యాకరణమున దీనిని ఆగమమందురు. ఉన్న అక్షరమును తొలగింపక, చుట్టమువలె వచ్చి నడుమ కూర్చుండును.

మరల 'వెయ్యి' దగ్గరకు. ట్యూబులో సగము గ్లిసరాలే. ఆముదమువలె చిక్కనిది, పిపెట్టు మొన లోతుగా ముంచినచో బయట అంటుకొని వచ్చును, విడిచినచో అడుగున కూర్చుండును. వేలితో తట్టవలెను. గ్లిసరాలు మోతాదు మించినచో మన పండితునకు అక్షరనిష్ఠ సడలి, పోలికగల పదములను సైతము ఖండించును.

పాఠాంతరం: చీటీ అడుగున వేరొక దస్తూరీలో "నిన్న వదిలిందెవరు?" అని కలదు. ఇది ప్రక్షిప్తము. ఆ నిన్నటి ట్యూబుతో వ్యాఖ్యాతకు సంబంధమున్నదనుట వట్టి అపవాదు.