పసుపు పద్యానికి టీక

పసుపు కార్డులోన పలువన్నె లుండగా
నేది గోడ కంచు నింతి యడిగె
రెండు నొక్కటనుచు రెట్టించి పతి పల్కె
చిచ్చు రేగె నపుడు చిన్న యింట

ప్రతిపదార్థం: పసుపు కార్డులోన = రంగుల కొట్టువాడిచ్చిన షేడ్ కార్డు నందలి పసుపుల పుటలో; పలు వన్నెలు + ఉండగాన్ = నిమ్మ, వెన్న, గంధం, చామంతి ఛాయలు పక్కపక్కనే ఉండగా; ఏది గోడకు + అంచున్ = హాలు గోడకు ఏది నప్పుతుందని; ఇంతి = ఇల్లాలు; అడిగెన్ = (ఒకటి ముందే అనుకొని) అడిగెను; రెండున్ + ఒక్కటి + అనుచున్ = చివరికి మిగిలిన రెండూ ఒకటేనని; రెట్టించి = ఫోనులోంచి తలెత్తకుండా మళ్లీ మళ్లీ; పతి పల్కెన్ = మగడు అనెను; అపుడు, చిన్న + ఇంటన్ = రెండు పడగ్గదుల ఫ్లాటులో; చిచ్చు రేగెన్ = తగవు పుట్టెను.

తాత్పర్యం: సుగమం. పెళ్లయినవారికి మరీ సుగమం.

విశేషాలు: ఇందులో అలంకారమేది? పోలిక వల్ల భేదం తోచకుంటే సామాన్యమనీ, ఆ భేదం ఏదో కారణాన బయటపడితే విశేషకమనీ కువలయానందంలో అప్పయ్య దీక్షితులు విడదీశారు. పతికి తోచింది సామాన్యం, ఇంతికి విశేషకం. ఇద్దరిదీ ఒప్పే. కార్డు మీద ఉన్నది సామాన్యమే. దాన్ని విశేషకం చేసేది గోడ. వేలెడంత ముక్కలో లేతగా ఉన్న పసుపు గోడంతా పరుచుకుంటే చిక్కనవుతుంది. ఎదురెదురు గోడలు ఒకదాని రంగు మరొకదాని మీదికి విసురుకుని ఇంకా ముదురుతాయి. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద పచ్చి నిమ్మకాయ వైపు మొగ్గే ఛాయ, 3000 కెల్విన్ దీపం కింద వెన్నపూస అవుతుంది. ఉత్తరపు కిటికీ వెలుగు దాన్ని చల్లబరుస్తుంది, పడమటి ఎండ నారింజకు తిప్పుతుంది.

మతాంతరం: “రెండు కోటింగులు పడి ఆరితేగానీ తెలీదు సార్” అని పెయింటింగ్ మేస్త్రి. ఇదే సిద్ధాంతం. కింది రంగును కప్పే శక్తి పసుపుకు తక్కువ. పాత నీలం మీద ఒక్క కోటు వేస్తే పచ్చదనం తొంగి చూస్తుంది.

ఫలశ్రుతి: దీన్ని ముందే చదివి, శాంపిల్ డబ్బాలు తెచ్చి, తెల్ల అట్టముక్కలకు రెండేసి కోట్లు వేసి, గోడకానించి పగలూ రాత్రీ చూసినవారికి గృహశాంతి. రంగు కొన్నాక చదివినవారికి పుణ్యం మాత్రమే. మిషన్లో కలిపిన డబ్బాను కొట్టువాడు వెనక్కి తీసుకోడు.