బాబాయి టోక్యో సందేశానికి టీకా తాత్పర్యం

అవతారిక: నూజివీడు దగ్గర రసాలు, బంగినపల్లి పండించే మా బాబాయి టూరు బృందంతో జపాను వెళ్లి, దిగిన మర్నాడు కుటుంబ వాట్సాప్ గ్రూపునందు ఈ క్రింది మూలమును అవతరింపజేసెను.

మూలం: చేరాం. ఊరు చాలా పెద్దది. అరిచేవాడే లేడు. చెత్తబుట్ట కనపడలేదు. మామిడిపండు చూశా. ధర ఇంటికొచ్చి చెప్తా.

టీక:

చేరాం = విమానము దిగితిమి. బహువచనము బృందమునకు చెందును. పిన్ని ఇంటనే యున్నది. ఇది చివరి వాక్యమునకు అవసరము.

పెద్దది = షింజుకు స్టేషను ఒక్కదానికే 200 దాకా బయటి దారులున్న ఊరు. నూజివీడు పేరు పెట్టుకున్న రైల్వే స్టేషను నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంది. స్టేషను కోసం ఊరు దాటే అలవాటున్నవాడు, అక్కడ స్టేషను దాటి ఊళ్లో పడలేక లోపలే తిరిగెనని ఊహ్యము.

అరిచేవాడే లేడు = రైల్లో ఫోను మాట్లాడని అక్కడి మర్యాదను మెచ్చెనని ఒకరు. మామిడి సీజన్లో నున్న ఊరి మార్కెట్ కేకలకు అలవాటుపడిన చెవికి ఏదో కీడు శంకించెనని మరొకరు. "అరిచే మనిషి లేక ఇక్కడా హాయిగానే ఉంది" అని పిన్ని. పిన్ని వ్యాఖ్యయే ప్రామాణికము.

చెత్తబుట్ట = 1995లో అక్కడి భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు చల్లిన తర్వాత చాలాచోట్ల బుట్టలు తీసేశారు; ఎవరి చెత్త వారే ఇంటికి మోసుకుపోవుదురు. బాబాయి చేతిలో టెంక యుండెనని ఒక పాఠకుని వాదము. పొసగదు. ధర చూసినవాడు కొనడు. ఇంటినుండి పట్టుకెళ్లిన తాండ్ర కవరనుట సమంజసము.

మామిడిపండు = మియాజాకి పండు. చెట్టుమీదే ఒక్కో కాయకు వల కట్టి, పండి తనంతట రాలి అందులో పడేదాకా ఆగుతారు. 2019లో సీజను మొదటి వేలంలో జత 5 లక్షల యెన్లు పలికింది. దానిని మన రసంలా పిసికి, ముచ్చిక కొరికి జుర్రిన, ఆ దేశమున ఏ శిక్షయో తెలియదు. "మనవి ఎందుకు లేవు?" అను ప్రశ్న ఇందు ధ్వని. పండు ఈగ భయంతో 1986లో మన మామిడిని ఆపిన జపాను, 2006లో తలుపు తీసి ఆరు రకాలనే రానిచ్చింది. మన తోటల నుంచి బంగినపల్లికి చోటు దక్కింది, అదీ 47.5 డిగ్రీల ఆవిరిలో 20 నిమిషాలు కూర్చున్న పిదప. రసాలకు ప్రవేశమే లేదు. బాబాయికి వీసా ఇచ్చునపుడు మాత్రం ఎవరూ ఆవిరి పట్టలేదు.

తాత్పర్యం: ఊరు చూచుటకు పోయినవాడు పండు చూచెను.

ధర = "ఎంతటండీ?" అని పిన్ని వెంటనే అడిగెను. రెండు నీలి గీతలు పడినవి. అటుపై గ్రంథపాతము.