భుజాన్వేషి

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి గోదావరి డెల్టా పట్టణాల్లో, బస్సుల్లోనూ పెళ్లి పందిళ్లలోనూ ఆసుపత్రి వరండాల్లోనూ తరచుగా తారసపడే ఒక మానవ జాతిని, అది నిరంతరం వెతికే వస్తువును బట్టి, భుజాన్వేషి అని వ్యవహరించవచ్చు. ఇతడు ఫిజియోథెరపీ విద్యార్థి. అంటే, నాలుగేళ్లు చదివి ఆపైన ఇంటర్న్‌షిప్ చేస్తే వచ్చే బీపీటీ పట్టా కోసం, 1986లో విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద నడిచే ఏదో ఒక కళాశాలలో చేరినవాడు. ఎముకలకూ కండరాలకూ పేర్లు నేర్చుకునే తొలి రెండేళ్లలో ఇతనివల్ల లోకానికి ఏ ఇబ్బందీ లేదు గాని, భుజపరీక్ష పాఠం మొదలైన నాటినుంచి ఎదుటి మనిషికి ముఖం కూడా ఉంటుందన్న సంగతి మరచి, మెడకూ మోచేతికీ నడుమనున్న ప్రాంతంతోనే మాట్లాడడం ఆరంభిస్తాడు. ఈ జాతిలో ఆడపిల్లల సంఖ్య ఏమాత్రం తక్కువ కాదు. ఇక్కడ పుంలింగం వాడినది వ్యాకరణ సౌలభ్యం కోసమే తప్ప వారిని నిర్దోషులుగా ప్రకటించడానికి కాదు.

ఇన్ని కీళ్లుండగా ఇతడు భుజాన్నే పట్టుకోవడానికి శాస్త్రీయమైన కారణం లేకపోలేదు. శరీరంలో అన్నిటికన్నా విస్తారంగా కదిలే కీలు ఇదే. చేతిని ముందునుంచి గాని పక్కనుంచి గాని 180 డిగ్రీల దాకా ఎత్తనిస్తుంది, మోచేయి మడిచి బయటికి తిప్పితే 90 డిగ్రీల దాకా పోనిస్తుంది. దండచేతి ఎముక తల పెద్దదీ, దాన్ని పట్టుకోవలసిన రెక్క ఎముక గుంట చిన్నదీ కావడంతో, టీ సాసరులో కొబ్బరి బోండం నిలబెట్టినట్టున్న ఈ ఏర్పాటును జారిపోకుండా కాపాడే భారం చాలావరకు చుట్టూ అల్లుకున్న నాలుగు కండరాల మీద పడింది. రొటేటర్ కఫ్ అని పిలిచే ఈ జట్టులోని సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అనే నాలుగింటి తొలి అక్షరాలను కలిపి విద్యార్థులు ‘సిట్స్’ అని కంఠస్థం చేస్తారు గనుక, పరీక్షల ముందు రాత్రుల్లో భుజాన్వేషి నిద్రలో ఆ మాటనే పలవరించడమూ, పక్క మంచంవాడు గదిలోకి పిల్లి దూరిందేమోనని లేచి లైటు వేయడమూ హాస్టళ్లలో మామూలే.

ఇతని జీవితంలో మొదటి దశ నామపారాయణం. ముందు చూడాలి, తరవాత తాకాలి, ఆపైన కదిలించాలి, అన్నిటికీ చివర ప్రత్యేక పరీక్షలు చేయాలి అన్నది గురువులు చెప్పే క్రమం; భుజాన్వేషి మాత్రం మొదటి మూడు మెట్లనూ ఎగవేసి నాలుగోదాని మీదికి గెంతుతాడు, ఎందుకంటే పేరుప్రతిష్ఠలన్నీ అక్కడే ఉన్నాయి. ఇంట్లో ప్రవర చెప్పమంటే రెండో ఋషి దగ్గరే నీళ్లు నమిలేవాడు కూడా 1931 నాటి యెర్గాసన్, ఆ తరవాతి నీర్, 1980 నాటి హాకిన్స్, కెనెడీ, ఆపైన జోబ్, స్పీడ్, ఆప్లే అని ఊపిరి తిప్పుకోకుండా అప్పగిస్తాడు. రెక్క ఎముకను ఒక చేత్తో అదిమిపట్టి రోగి చేతిని ముందునుంచి పైకెత్తినప్పుడు నొప్పి వస్తే, కండరాన్ని ఎముకకు కట్టిపడేసే టెండన్ అనే పట్టీ ఎముకల నడుమ నలుగుతోందని అనుమానించడం నీర్ పరీక్ష సారాంశం. కాని భుజాన్వేషికి సారాంశం కన్నా అది తనకు చేయడం వచ్చునన్న సంగతే ముఖ్యం. కోణాలు కొలిచే గోనియోమీటర్ అనే రెండు పుల్లల సాధనం ఇతని తెల్లకోటు జేబులోంచి సగం బయటికి కనబడుతూనే ఉంటుంది. అది లోపలికి జారితే, ఎవరూ చూడనప్పుడు మళ్లీ పైకి లాగి సర్దుకుంటాడు.

రెండో దశ గృహప్రవేశం. సంక్రాంతికి ఊరికి వచ్చిన భుజాన్వేషి, కోడిపందేల బరి దగ్గర జనమంతా కోళ్లను చూస్తుంటే, కోడిని పట్టుకున్నవాడి భుజాల్లో ఏది కిందికి దిగి ఉందో చూస్తాడు. పెళ్లిలో సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డించేవాణ్ణి, ఆకులో సాంబారు పొర్లిపోతున్నా చాలనకుండా, కండరం ఏ కోణంలో అలుస్తుందోనని పరికిస్తాడు. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమనీ, కాదంటే మర్దనా చేయడమనీ గట్టిగా నమ్మే బంధువర్గం, ‘ఏరా, మిషను తెచ్చావా?’ అని అడిగినప్పుడు ఇతడు మనసు కష్టపెట్టుకున్నా, ఒక్కొక్కరూ భుజం చూపించడానికి ముందుకొచ్చేసరికి ఆ అవమానాన్ని దిగమింగుతాడు. వీరిలో తొలి బలి సాధారణంగా మామ్మే. సుప్రాస్పైనేటస్ బలాన్ని చూసే జోబ్ పరీక్షలో, చేతులు రెండూ భుజాల ఎత్తుకు లేపి, కాస్త ముందుకు తెచ్చి, బొటనవేళ్లు నేలవైపు తిప్పి పట్టుకుంటే పరీక్షకుడు వాటిని కిందికి నొక్కుతాడు. ‘చెంబులో నీళ్లు ఒంపేసినట్టు పెట్టు మామ్మా’ అని ఇతడు వివరిస్తే, ‘ఏ చెంబురా నాన్నా, రాగిదా ఇత్తడిదా?’ అని ఆవిడ లేచి వంటింటి వైపు నడుస్తుంది. చెంబు వచ్చాక, అది అక్కర్లేదని ఇతడు చెప్పాక, ‘మరి ముందే చెప్పొద్దుట్రా!’ అని ఆవిడ కసురుకున్నాక జరిగే పరీక్షలో ఏ కండరమూ నిజం చెప్పదు.

మూడో దశలో, అంటే ఆసుపత్రి ఓపీలో, ఇతనికి ఎదురయ్యే అసలు ప్రతిబంధకం రోగం కాదు, గోదావరి మర్యాద. ‘ఇక్కడ నొప్పిగా ఉందా అండీ?’ అని అడిగి నొక్కితే, చదువుకునే కుర్రవాడి మాట కొట్టేయడం ఇష్టంలేని పెద్దమనిషి ‘ఆయ్, ఉందండి’ అంటాడు. వేలు రెండంగుళాలు జరిపి మళ్లీ అడిగితే ‘అక్కడా ఉందండి’ అంటాడు. చివరికి నొప్పిలేని భుజాన్ని నొక్కి అడిగినా ‘మీరు ఉందంటే ఉన్నట్టేనండి’ అని సర్దుకుపోతాడు. చెయ్యి ఎత్తమంటే, సగం దాకా వచ్చి ఆగిపోయిన చేతిని బాబు కోసం ఎలాగైనా పైకి పంపాలని, నడుము పక్కకు వంచి, భుజాన్ని చెవిదాకా ఎగరేసి మిగతా దూరం పూర్తిచేస్తాడు. చెయ్యి పైకి లేచేటప్పుడు కీలు రెండు పాళ్లూ రెక్క ఎముక ఒక పాలూ కదులుతాయని 1944లో ఇన్‌మన్ బృందం చూపిన లెక్క తలకిందులై, రెక్క ఎముకే ముందుగా పరుగెడుతున్న ఈ దొంగ కదలికను గుర్తించని భుజాన్వేషి, గోనియోమీటర్‌లో 150 డిగ్రీలు చదివి కేస్ షీటులో రాసేస్తాడు.

వెనక నిలబడి పర్యవేక్షించే అధ్యాపకురాలు, అంటే మేడమ్, అప్పటిదాకా మాట్లాడదు. ఆవిడ దృష్టిలో పరీక్ష ముగిసి చాలాసేపయింది; ఎందుకంటే రోగి చొక్కా విప్పుకున్న క్షణాన్ని ఆవిడ చూసింది, అదే క్షణంలో భుజాన్వేషి పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నాడు. ఆ పెద్దమనిషి ముందుగా బాగున్న చేతిని చొక్కాలోంచి తీసుకుని, ఆ చేత్తోనే నొప్పి చేతి మీదనుంచి గుడ్డను మెల్లగా జార్చుకున్నాడు. తరవాత ఆవిడ రోగిని పడుకోబెట్టి, మోచేతిని ఒంటికి ఆనించి, చేతిని తనంతట తానే బయటికి తిప్పుతుంది. అది కాస్త జరిగి గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. రోగి ఎత్తలేని చేతిని పరీక్షకుడు ఎత్తితే హాయిగా పైకి పోవడం కండరం తెగిందేమో చూడమని చెప్పే లక్షణం. ఎవరు కదిపినా కదలకపోవడం, అందులోనూ బయటికి తిప్పడం అన్నిటికన్నా ఎక్కువగా పోవడం, 1934లో బోస్టన్ వైద్యుడు కాడ్‌మన్ ఫ్రోజెన్ షోల్డర్ అని పేరుపెట్టిన బిగుసుకుపోయిన భుజం లక్షణం. ‘మంచి కేసండీ!’ అని భుజాన్వేషి ఉత్సాహం పట్టలేక అంటే, తనకు నయమవుతోందనుకుని రోగి కూడా సంతోషిస్తాడు. ‘షుగరుందా?’ అని మేడమ్ అడుగుతుంది. ‘కాస్త ఉందండి’ అని జవాబు వస్తుంది. సాధారణ జనంలో 2 నుంచి 5 శాతం మందికి వచ్చే ఈ జబ్బు మధుమేహం ఉన్నవారిలో 10 నుంచి 20 శాతం దాకా ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి గనుక, ఆ ‘కాస్త’ ఎంతో రక్తపరీక్షతో తేల్చుకోవలసిందే.

భుజాన్వేషి మనిషిగా మారే నాలుగో దశ ఇక్కడే మొదలవుతుంది. తాను కంఠస్థం చేసిన పేర్లలో ఏ ఒక్కటీ ఒంటరిగా రోగాన్ని తేల్చలేదన్నది అతనికి మింగుడుపడని సత్యం. ఇటువంటి పరీక్షలపై 2013లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష కూడా వాటిలో దేన్నీ సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదనే తేల్చింది. అందువల్ల అతడు క్రమంగా ‘ఇక్కడ నొప్పా?’ అని అడగడం మాని, ‘ఎక్కడో మీరే చూపించండి బాబాయ్’ అనడం నేర్చుకుంటాడు. అప్పుడు ఒకరు ఒంటివేలితో భుజం కొనను తాకి చూపుతారు, అది కాలర్ ఎముక కొసనున్న చిన్న కీలు కావచ్చు. మరొకరు అరచేతితో దండచేతి పక్కంతా రుద్దుకుంటారు, అది రొటేటర్ కఫ్‌ది కావచ్చు. కోనసీమలో కొబ్బరి దింపు పని చేసే మనిషి, ఏ పరీక్షా మొదలుకాకముందే, ‘ఎత్తేటప్పుడు పర్లేదండి, దించేటప్పుడు ఇదిగో ఇక్కడికొచ్చేసరికి ప్రాణం పోతందండి, ఇంకా దిగితే మళ్లీ ఏమీ లేదండి’ అని చెయ్యి దించి చూపిస్తాడు. 60 నుంచి 120 డిగ్రీల మధ్య మాత్రమే నొప్పి పుట్టే పెయిన్‌ఫుల్ ఆర్క్ అనే అధ్యాయాన్ని అతడు అరనిమిషంలో పూర్తిచేశాడు. విద్యార్థి చేయవలసిందల్లా నోరు మూసుకుని చూడడమే. రోజుకెన్ని చెట్లెక్కుతాడో, ఏ చేత్తో కత్తి పడతాడో, రాత్రి ఏ పక్కకు పడుకుంటాడో అడిగిన తరవాత, ముందు బాగున్న భుజాన్నీ ఆ తరవాతే బాగులేనిదాన్నీ కదిపి చూసిన రోజున అతనికి భుజపరీక్ష వచ్చిందని చెప్పవచ్చు. గోనియోమీటర్ ఆ రోజు జేబు అడుగున ఉన్నా అతడు గమనించడు.

కనుక డెల్టా వాసులకు విజ్ఞప్తి ఏమంటే, పెళ్లిలోనో పండగలోనో భుజాన్వేషి దగ్గరకు వచ్చి చెయ్యి అడిగినప్పుడు కాదనకుండా రెండు చేతులూ ఇవ్వండి, షుగరుంటే ముందే చెప్పండి, నొప్పి లేనిచోట మర్యాద కోసం ఉందనకండి. ఎడమ భుజం నొప్పితోపాటు ఛాతీ బిగపట్టి చెమటలు పోస్తుంటే మాత్రం అది గుండెది కావచ్చు గనుక, కుర్రవాడి చదువు సంగతి తరవాత చూసుకోవచ్చు, వెంటనే 108కు ఫోన్ చేయండి.