ఊదారంగు గదిలో పుంటికూర

ముందుగా ఒక మనవి. మా ఇంట్లో గంజాయి లేదు, ఎప్పుడూ లేదు. ఒక తెలుగు మాస్టారు ఈ మాటతో వ్యాసం మొదలుపెట్టాల్సి వచ్చిందంటే, ఆయన పరువు ఏ దండెం మీద ఆరుతోందో మీరే ఊహించుకోండి.

వనపర్తిలో మేం అద్దెకుండేది మేడమీద. మా పైన డాబా, డాబా మీద కోతులు. మిర్చి వేసినా, టమాట వేసినా మాకంటే ముందు కోత వాటిదే. పుల్లటి పుంటికూరైతే ముట్టవులే అని ఆషాఢంలో రెండు తొట్లలో విత్తాను. నిజమే, అవి తినలేదు. ఒక మొక్క పీకి, కొరికి, మొహం చిట్లించి, పక్కదైనా తియ్యగా ఉంటుందేమోనని దాన్నీ పీకాయి. సాయంత్రానికల్లా రెండు తొట్లలోనూ తియ్యటిది ఒక్కటీ లేదని తేల్చుకుని వెళ్లిపోయాయి.

ఆ రాత్రే నాకు జ్ఞానోదయమైంది. చిన్న గదిలో పెంచితే సరి! ఉత్తరానికి ఒక్క కిటికీ, మూలన బియ్యం డబ్బా, గోడవారన మా ఆవిడ గద్వాల నుంచి కాపురానికొస్తూ తెచ్చుకున్న బీరువా. అంతే, గదంతా ఖాళీ. ఆ బీరువాను కాస్త గుర్తుంచుకోండి.

ఎండ రాకపోతేనేం? ఆకు ఎక్కువగా వాడుకునేది ఎరుపు, నీలం వెలుగులనే కాబట్టి ఆ రంగుల ఎల్‌ఈడీ దీపాలు తెప్పించాను. రెండూ కలిసి గదంతా ఊదారంగు. పుంటికూర, అంటే గోగు మొక్క, పగలు కురచయ్యేసరికి పూతకొస్తుంది, ఆకు ముదిరిపోతుంది. అందుకని రోజుకు 16 గంటలు దీపం వెలగాలని లెక్క కట్టాను. తేమ పోకుండా పాత దోమతెర చట్రానికి పాలిథిన్ పట్టా చుట్టాను. ఇక ఎదురింటి డాబా మీంచి చూసేవాళ్లకు కనిపించేదేమిటి? నడిరాత్రి దాకా ఊదా వెలుగు, మూసిన డేరా, లోపల ఏవో పచ్చటి ఆకులు, వాటి మధ్య టార్చి పట్టుకుని పాకుతున్న మాస్టారు.

ఎదురింటాయనను తప్పుపట్టను. గంజాయికి 1753లో ‘కెనాబిస్ సటైవా’ అని నామకరణం చేసిన లిన్నేయస్సే, 1759లో మన నారగోగు ఆకు చూసి, అచ్చం దానిలా ఉందని ‘హైబిస్కస్ కెనాబినస్’ అన్నాడు. అంతటివాడికే ఆ పోలిక తట్టినప్పుడు ఎదురింటాయనకు తట్టదా? నాలుగు రోజులు పోయాక చాయ్ హోటల్లో నేను కూర్చోగానే మాటలాగిపోయాయి. ఆయనే నెమ్మదిగా అడిగాడు.

“సారూ, మీ రిటైర్మెంటుకు ఇంకెన్నేండ్లున్నది?”

“ఆరేళ్లు. ఎందుకు?”

“ఏం లేదు. గంజాయి చెట్లు పెంచితే పదేండ్ల దాకా ఏస్తరంట గద, లచ్చ జుర్మానా కూడనంట. ఊకెనే అడిగిన.”

ఇంటికొచ్చి చూసుకుంటే 1985 నాటి చట్టంలో అక్షరాలా అంతే ఉంది. ఆ పాఠం నాకంటే ఆయనకే బాగా వచ్చు. గది తలుపు తీసి పుంటికూర చూపిద్దామా అంటే, చూపించడానికి అక్కడ నిలబడి ఉన్న మొక్క ఒక్కటుంటే కదా!

ఎందుకు లేవో చెప్పాలంటే నా తేమ మీటరు గురించి చెప్పాలి. చవగ్గా దొరికిందని కొన్నాను. లేత మొలకలకు గాలిలో తేమ 75 శాతం పైనే ఉండాలని చదివాను. నా మీటరేమో పగలు 68 దగ్గరే కూర్చునేది. పాపం, పిల్లలకు గొంతెండుతోందని పూటకోసారి నీళ్లు చల్లాను, డేరాలో తడిగోనె వేలాడదీశాను. వారం తిరిగేసరికి మొలకలు మట్టి దగ్గర నల్లబడి, దారంలా సన్నబడి, ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. దాన్ని నారుకుళ్లు అంటారు. నేను మాత్రం దాహం అనుకుని ఇంకో చెంబు పోశాను.

ఆ నీళ్లు తొట్టి దిగి, పళ్లెం నిండి, గచ్చు మీదుగా గోడ పగులు వెతుక్కుని, కింద ఓనరు గారి పూజగది కప్పులో తేలాయి. మా జిల్లాలో 1959 నుంచీ సరళాసాగర్ ప్రాజెక్టు ఉంది. నీరు మట్టానికి రాగానే ఎవరూ గేటు ఎత్తనక్కర లేకుండా సైఫన్లు వాటంతటవే తోడేస్తాయి. నా పళ్లేనికి ఆ ఏర్పాటు లేదు. “అంతటి సరళాసాగర్ కట్టే 2019 డిసెంబర్ 31న తెగింది, నా పళ్లెం ఎంతండీ” అన్నాను. ఆయన నవ్వలేదు. సున్నానికయ్యే ఖర్చు చెప్పాడు.

రెండోసారి విత్తినవి నాలుగాకులు వేశాయి. వాటితోపాటే అన్నంలోకి, చాయ్‌లోకి, మా ఆవిడ కంట్లోకి సన్నటి నల్లటి ఈగలూ వచ్చాయి. కుట్టవు, కరవవు, మొహం ముందు తారట్లాడతాయంతే. నేను దోమల బ్యాటు తిప్పుతూ గదంతా గంతులేశాను. ఎదురింటి డాబా మీంచి అదెలా కనిపించిందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. గంజాయి తాగితే మనిషి అలాగే గెంతుతాడనుకుని ఉంటాడు.

నాగర్‌కర్నూల్ దగ్గర పల్లీ వేసే మా బామ్మర్ది వచ్చి, తొట్టి మట్టిని రెండు వేళ్లతో నలిపి వాసన చూశాడు. “బావా, ఈ పెంట యాడిది?” అన్నాడు. “మీ కుప్ప నుంచే తెచ్చాను కదరా, మీద మీద తీసుకున్నాను.” వాడు తల పట్టుకున్నాడు. కుప్పలో మాగేది అడుగున. మీదిది పచ్చి పెంట. వాళ్ల పల్లీని కొరికే వేరుపురుగుకూ అలాంటి పచ్చి పెంటంటేనే ఇష్టం. తొలకరికి దాని తల్లిపురుగులు మట్టిలోంచి లేచి రాత్రిళ్లు వేపచెట్ల మీద వాలితే, వీళ్లు కొమ్మలు దులిపి ఏరి చంపుతారట. అంత తిప్పలు పడేది పొలంలోకి రావద్దని. నేనేమో పచ్చి పెంటను బస్సులో టికెట్టు కొని మరీ ఇంట్లోకి తెచ్చుకున్నాను.

“చెల్కల పైన ఎండుతది, కింద పదునుంటది. నీ తొట్టిల పదునేది బావా? అంత బురదనే” అన్నాడు. ఆలుగడ్డను బిళ్లలా కోసి మట్టి మీద పెట్టమన్నాడు. మర్నాడు పొద్దున బిళ్ల తిరగేస్తే దాని అడుగున గాజులా తెల్లగా, నల్ల పూస తలలతో సన్నటి పురుగులు కదులుతున్నాయి. పధ్నాలుగు లెక్కపెట్టి ఆపేశాను. గాల్లో ఎగిరేవి తల్లులు. గుడ్లు పెట్టేదీ, పిల్లలు వేర్ల పీచు కొరికేదీ పై రెండంగుళాల తడిమట్టిలో. నేను బ్యాటుతో తల్లులను కొడుతూ, చెంబుతో పిల్లలకు ఉగ్గు పోస్తున్నానన్నమాట.

ఇంతలో గద్వాల నుంచి మా అత్తగారొచ్చారు. ఆమె నాతో నేరుగా మాట్లాడరు. నేను ఎదురుగా ఉన్నా సరే, కూతురికే చెబుతారు. వయసంతా మగ్గం దగ్గర గడిపిన మనిషి. గదిలోకి అడుగుపెట్టి, గోడకు అరచెయ్యి ఆనించి, “మీ ఆయన ఈడ మగ్గం పెడ్తడా ఏంది?” అన్నారు కూతురితో. మగ్గం గుంతలో నేలతడి ఉండాలి, ఆ చల్లదనానికే పోగు తెగదు. “పోగుకు తడి మంచిదే. మడతకు గాదు” అంటూ ఆమె చూపు బీరువా మీదికి పోయింది. మా ఆవిడ చూపూ పోయింది. నాది కిటికీలోంచి బయటికి పోయింది.

మూడో అరలో పెళ్లినాటి గద్వాల చీర. నూలు ఒళ్లు, పట్టు అంచు, రెంటినీ పోగుకు పోగు ముడేసే కుప్పడం నేత. మడత విప్పితే అంచు పక్కన నూలు మీద బూజు, రెండు చుక్కలు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అత్తగారు కూతురితో కూడా అనలేదు. అంతకంటే ఎదురింటాయన ఫోను చేసి పోలీసుల్ని పిలిచినా బాగుండేది.

ఆ రాత్రి మీటరును నిలదీశాను. సీసా మూతలో ఉప్పు వేసి, తడిపి ముద్ద చేసి, మీటరుతో కలిపి స్టీలు డబ్బాలో బిగించాను. అలా మూసిన డబ్బాలో ఉప్పు ఎక్కడైనా తేమను 75 దగ్గరే నిలుపుతుంది. పొద్దున తెరిస్తే నా మీటరు 60 చూపిస్తోంది. అంటే అది 68 అన్న రోజుల్లో నిజానికి 83. రాత్రి దీపమార్పాక గాలి చల్లబడి, ఉన్న నీటినే మోయలేక 90 దాటి ఉంటుంది. రూపాయి ఉప్పు చెప్పిన నిజాన్ని నేను మొదటిరోజే అడగలేదు.

తర్వాత చేసినవన్నీ చిన్న పనులే. పట్టా పీకేసి చిన్న ఫ్యాను పెట్టాను. పచ్చి పెంట పారబోసి మాగిన ఎరువు, వేపపిండి కలిపాను. మట్టి మీద వేలెడు మందాన ఇసుక పరిచాను. పళ్లెంలో నీళ్లు పోసి అడుగునుంచి పీల్చుకోనిచ్చి, అరగంటకు మిగిలింది తీసేశాను. పత్తికీ మిర్చికీ తెల్లదోమకు కట్టే పసుపు జిగురట్టల లెక్కన, పసుపుపచ్చ ఫైలు అట్టకు ఆముదం రాసి వేలాడదీశాను. మూడు నాలుగు వారాల దాకా, అంటే ఒక తరం గడిచేదాకా, ఈగలు పోలేదు. అన్నింటికన్నా కష్టమైంది చెంబు పట్టుకోకుండా కూర్చోవడం. ఇప్పుడు తొట్టి ఎత్తి బరువు చూస్తాను. తేలిగ్గా ఉంటేనే నీళ్లు.

పుంటికూర పెరిగింది. మొదటి కట్ట ఎదురింటికే పంపాను, సాక్ష్యంగా. పచ్చడి చేసుకుని తిన్నాక ఆయన పరీక్షగా, “పుల్లగున్నది సార్” అన్నాడు. నా బతుకులో అంతకంటే గొప్ప తీర్పు రాలేదు.

బతుకమ్మ నాడు మా ఆవిడ ఆ చీరే కట్టింది. కుచ్చిళ్లలో రెండు చుక్కలూ లోపలికి మడిచింది. ఎదురింటావిడ అంచు పట్టుకుని చూసి మురిసిపోతూ, “చీర మస్తున్నదక్కా. అవునూ, సారు గదిల కూర తప్ప ఇంకేమన్న పండించిండా?” అంది.

మా ఆవిడ కుచ్చిళ్లు సర్దుకుంటూ నావైపు చూసింది.

“పండించిండు” అంది, “రెండు చుక్కలంత.”